వదిన గదిలోకి చీమల బారు

పోయిన ఆదివారం మా కోడలు ఓవెన్ పెట్టె తెప్పించింది. వంటింటి గట్టు మీద ఏళ్ళ తరబడి నా మసాలా డబ్బాలు ఉన్న చోటు ఖాళీ చేయించి దాన్ని అక్కడ పెట్టింది. నన్ను ఒక్క మాట అడగలేదు. అది వేరే సంగతి, దాని గురించి ఇక్కడ రాయను. మధ్యాహ్నం అందులో నానఖటాయి బిస్కెట్లు పెట్టి, అవి కాలేలోపు పెద్ద గిన్నెలో కీర, టమాట, ఉల్లిగడ్డ తరిగి నిమ్మకాయ పిండి, "అత్తమ్మా, ముందుగాల ఇది తింటే తర్వాత అవి ఎన్ని తిన్నా ఏం కాదు" అని నా చేతిలో పెట్టింది. పెట్టె టింగుమంది. నెయ్యి, యాలకులు, కాలిన మైదా వాసన ఇల్లంతా నిండింది. సరిగ్గా అప్పుడు గట్టు తెల్లరాయి మీద ఒక చీమ కనిపించింది. ఒక్కటే. నేను గిన్నె కింద పెట్టి లేచి, అది ఎటు పోతోందో చూడాలని గోడ పట్టుకుని దాని వెంట నడిచాను. ఫ్రిజ్ వెనక చూశాను, మంచాల కింద చూశాను. చివరికి ముందు గదిలో టీవీ చూస్తున్న మా ఆయన్ని, కొడుకుని కాళ్ళు పైకెత్తి అరికాళ్ళు చూపించమన్నాను. వాళ్ళిద్దరూ వెంటనే చూపించారు. "ఏమైంది అత్తమ్మా, చీమనే కదా?" అని కోడలు ఒక్కతే నవ్వింది. ఆమె ఈ ఇంటికి వచ్చేసరికి మా వదిన లేదు.

వదిన అంటే మా ఆయన అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి, లాల్‌దర్వాజాలో మేం అద్దెకుండే ఇంటి ముందు గదిని తన గదిగా చేసుకుంది. కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. గల్లీలో ఆ కిటికీ ముందు నుంచి పోయిన మనిషిని ఒక్క మాటైనా అనకుండా పోనిచ్చేది కాదు. నన్నయితే రోజుకు పది అనేది. అన్నవి ఆమె మరిచిపోయేది, విన్నవాళ్ళు మరిచిపోయేవాళ్ళు. నేను మరిచిపోలేదు. వాటిలో మొదటిది నా పెళ్ళయిన ఏడాది దీపావళికి ముందు గురువారం నాటిది.

ఆ రోజుల్లో మా గల్లీలో ఎవరింట్లోనూ ఓవెన్ లేదు. బిస్కెట్లు కావాలంటే మైదా, చక్కెర, నెయ్యి స్టీలు డబ్బాల్లో పోసుకుని వెనక గల్లీలోని బేకరీ బట్టీకి పట్టుకుపోవాలి. అక్కడే కూర్చుని పిండి కలిపి, బిళ్ళలు చేసి వాళ్ళ రేకుల మీద పేరిస్తే, బట్టీ భాయ్ ఆ రేకుల్ని పొడవాటి కర్రపారతో మంట పక్కకు నెట్టి కాల్చి ఇచ్చేవాడు. రంజాన్‌కైనా, దీపావళికైనా, క్రిస్మస్‌కైనా అదే తోపులాట. కళ్ళు పక్కకు తిప్పితే మన నెయ్యి ఇంకొకరి పిండిలోకి పోతుందని ఆడవాళ్ళు డబ్బాల దగ్గర నుంచి కదిలేవాళ్ళు కాదు. నేను కొత్త కోడల్ని. భయం భయంగా నెయ్యి వేస్తున్నాను. "ఏంది పిల్లా, బాలింతకు మందు పోసినట్టు చెంచతోని పోస్తున్నవ్? మీ అవ్వగారింట్ల నెయ్యి డబ్బకు తాళమేస్తరా ఏంది?" అన్నది వదిన. పది పన్నెండు మంది నవ్వారు. బట్టీ భాయ్ కూడా నవ్వాడు. ఆమె నా చేతిలోంచి డబ్బా లాక్కుని సగం వంచేసింది. ఆ బిస్కెట్లు నోట్లో వేసుకోగానే కరిగిపోయాయి. నేను ఆ సంగతి కూడా క్షమించలేదు.

ఇరవై రెండేళ్ళ తర్వాత వదినకు షుగర్ వచ్చింది. నయాపూల్ అవతలి దవాఖానకు నేనే తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్న పిల్ల. ఆమె వదినతో కాకుండా నాతోనే మాట్లాడింది. "తిండి మీరు చూసుకోండి. దానికంటే ముఖ్యం, రోజూ పాదాలు చూడండి. అరికాలు, వేళ్ళ సందులు. ఈమెకు కాళ్ళు మొద్దుబారుతున్నాయి. ఏం తగిలినా తెలియదు. పుండు పడింది చూసుకోలేదంటే కాలు పోతుంది." ఈ మాటలు నేను తప్పు రాయడం లేదు. అవి నాకు బాగా గుర్తున్నాయి.

తిండి సంగతి నేను గట్టిగానే పట్టుకున్నాను. రోజూ మధ్యాహ్నం పళ్ళెం నిండా కచుంబర్ పెట్టేదాన్ని. పది నిమిషాల పని. కీర, ఉల్లిగడ్డ, ముల్లంగి సన్నగా తరిగి, మొలకెత్తిన పెసలు ఒక గుప్పెడు వేసి, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి, పైన కొత్తిమీర. అది తిన్నాకే రెండు జొన్నరొట్టెలు. మిఠాయిల డబ్బాలన్నీ నా బీరువా పైకెక్కాయి. వదిన ఆ పళ్ళెం పట్టుకుని కిటికీలో కూర్చునేది. "చూసిన్రా అమ్మా, మా మరదలు నన్ను మేకలెక్క మేపుతుంది. ఎప్పటికైనా బోనాలకు కోస్తదేమో!" అని పోయేవాళ్ళకు చూపించేది. గల్లీ అంతా ఆ మాట పట్టుకుంది. కూరగాయల బండి అతను కూడా నన్ను చూడగానే, "మేకకు ముల్లంగి ఆకు గూడ ఇయ్యమంటవా అక్కా?" అనేవాడు.

పాదాలు నాలుగు రోజులు చూడనిచ్చింది. అయిదో రోజు పొద్దున పాలామె గుమ్మంలో నిలబడి పాలు కొలుస్తుండగా నేను వదిన కాలు ఒళ్ళో పెట్టుకున్నాను. వదిన కాలు విదిలించి లాక్కుంది. "తిండికి కావలి వెట్టినవ్. ఇగ కాళ్ళకు గూడనా? జైల్ల గూడ గింత తనిఖీ ఉండది. పో, నీ పని చూస్కోపో." పాలామె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. నేను లేచి చీర దులుపుకున్నాను. "సరే వదినా" అన్నాను. ఆమె పిలిస్తే చూద్దామనుకున్నాను. ఆమె పిలవలేదు. కాళ్ళు చల్లబడుతున్నాయని, పగలూ రాత్రీ మేజోళ్ళు వేసుకోవడం అలవాటు చేసుకుంది. దాంతో కనబడాల్సింది ఏదైనా కనబడే దారి కూడా మూసుకుపోయింది. నేను అడగను, ఆమె చెప్పదు. అలా ఎండాకాలం, వానాకాలం గడిచాయి.

దీపావళికి బట్టీకి తానూ వస్తానంది. "నేను తిన. చూస్త. నీ చేతికి నెయ్యి అప్పజెప్పి ఇంట్ల కూసోనికి నాకు మనసొప్పది." మేజోళ్ళకు పిండి అంటుతుందని ఇంట్లోనే విప్పేసి వచ్చింది. బట్టీ నోటి ముందు ఒక నల్లరాతి పలక ఉంటుంది. లోపలి నుంచి తీసిన రేకుల్ని పొద్దుటి నుంచీ దాని మీదే దించుతారు. పిండి తొక్కకూడదని చెప్పులు అవతలే విడవాలి. మా వంతు వచ్చి ఆ పలక మీద కాలు పెట్టగానే నా ప్రాణం పోయినంత పనయింది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఎగిరి కిందికి దూకాను. "అమ్మా, జర ఇటు రాండ్రి, పత్థర్ బహుత్ గరం ఉన్నది!" అని భాయ్ కేకవేశాడు. వదిన రాలేదు. నడుం మీద చెయ్యి వేసుకుని, రెండు పాదాలూ పూర్తిగా ఆనించి, మంటలోకి చూస్తూ నిలబడింది. ఆ వెలుగుకు ఆమె ముఖం ఎర్రగా ఉంది. "చూడు భాయ్, నా మరదలు కోడిపిల్ల లెక్క ఎట్ల ఎగురుతుందో. నేను నిలవడలేనా? కాళ్ళల్ల బలముండాలె" అన్నది. అందరూ నవ్వారు. అదే బట్టీ, అదే భాయ్, అదే నవ్వు. నాకు ఇరవై రెండేళ్ళ నాటి గురువారం గుర్తొచ్చింది. డాక్టరమ్మ మాట గుర్తు రాలేదు.

పండగ అయిపోయాక చీమలు వచ్చాయి. సన్నటి ఎర్రటి బారు. స్నానాల గది తూము దగ్గర మొదలై, గోడ వెంబడి వచ్చి, వదిన గది పరదా కిందికి పోయేది. నాకు వెంటనే అర్థమైందనుకున్నాను. బీరువా మీది డబ్బా దించి బిస్కెట్లు లెక్కపెట్టాను. మేం తిన్నవి, పక్కింట్లకు పంచినవి పోగా అరవై రెండు ఉండాలి. అరవై రెండూ ఉన్నాయి. అది చూసి నాకు కోపం తగ్గాల్సింది పోయి పెరిగింది. అంటే బయట నుంచి తెప్పించుకుని దాచుకుంటోందన్నమాట, ఇన్నాళ్ళ నా కష్టమంతా ఆ కిటికీలోంచి నవ్వులపాలు చేస్తోందన్నమాట అనుకున్నాను. ఆమె గడప మీద మందంగా పసుపు గీత గీశాను. మిషను దగ్గర నుంచి వదిన చూసింది. "గిదేంది, నాకా చీమలకా?" "చీమలకే వదినా." "మరి చీమలకు చెప్పు, నా కాడ నీ గడ్డి తప్ప ఏం లేదని."

మర్నాడు పొద్దున చీమలు ఆ గీత చివర, గోడకు ఆనుకుని వేలెడంత ఖాళీ చూసుకుని లోపలికి పోతున్నాయి. గదిలో ఒక వాసన కూడా మొదలైంది. మగ్గిపోయిన జామపండు లాంటి తియ్యటి వాసన. మంచం కింద ఏ మిఠాయో కుళ్ళుతోందనుకుని అగరొత్తులు వెలిగించాను. అదే వారంలో మిషను చప్పుడు ఆగిపోయింది. బెల్టు వదులైందని వదిన అన్నది. ఇచ్చిన జాకెట్లు అందక ఆడవాళ్ళు కిటికీ దగ్గరకు వచ్చి తిట్టిపోతుంటే, ఎవరినీ ఏమీ అనకుండా కూర్చుంది. నేను అది కూడా చూశాను. మిఠాయి తిని ఒళ్ళు బరువెక్కిందనుకున్నాను.

చివరికి ఒక మధ్యాహ్నం ఆమె తిని పడుకున్నాక దొంగను పట్టుకోవాలని లోపలికి వెళ్ళాను. మంచం కింద దారపు రీళ్ళ రేకుడబ్బా, పాత చీరల మూట, అంతే. కుళ్ళిందేదీ లేదు. చీమలు అసలు మంచం కిందికి పోవడమే లేదు. మంచం కోడు ఎక్కి, దుప్పటి అంచు మీంచి, కుడికాలి మేజోడు దగ్గరకు పోతున్నాయి. మేజోడు అడుగు తడిసి గట్టిపడి ఉంది. నేను దాన్ని లాగాను. అది ఒక్కటే రాలేదు. దాన్ని అంటుకుని ఉన్నది కూడా వచ్చింది. వదిన గురక ఆగలేదు. కాలు కదలలేదు. ఆ చీమలన్నీ తన మీద ఉన్నాయని ఆమెకు తెలియనే తెలియదు.

దవాఖానలో అదే డాక్టరమ్మ. "ఎన్ని రోజుల నుంచి?" అని అడిగింది. మా ఆయన నా వైపు చూశాడు. కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. మూడో రోజు వదిన కళ్ళు తెరిచి అన్నది. "బిస్కిట్లు లెక్కవెట్టినవా?"

"పెట్టిన వదినా."

"సరిపోయినయా?"

"సరిపోయినయ్."

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. 

తర్వాత ఏడాదిన్నర బతికింది. రోజూ మధ్యాహ్నం నేను పెట్టిన కచుంబర్ గింజ మిగల్చకుండా తిన్నది. మేక మాట మళ్ళీ రాలేదు. ఒకరోజు కావాలనే ఉప్పు రెండింతలు వేశాను, ఏదైనా అంటుందని. అదీ తిని పళ్ళెం నా చేతికిచ్చింది. రోజూ కాలు ముందుకు చాపేది, ఆ మిగిలిన ఒక్క కాలు. నేను వేళ్ళ సందులు చూసేదాన్ని. తప్పు నీదే అని ఒక్కసారి ఆ కిటికీలోంచి గల్లీ అంతటికీ వినబడేలా అని ఉంటే, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని, ఇద్దరి పనీ అయిపోయేది. అనలేదు. ఆమె మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇదే పెద్దది. దీన్ని చెప్పుకోవడానికి కూడా ఆమె ఉండలేదు.

ఆదివారం నాటి చీమ చివరికి చక్కెర డబ్బా దగ్గర దొరికింది. కోడలు దాన్ని గుడ్డతో తుడిచేసి, నా గిన్నెలో రెండు నానఖటాయిలు వేసింది. చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వదిన నన్ను ఏ మాట ఏ రోజు అన్నదో, ఎండలో అన్నదో వానలో అన్నదో, ఎవరెవరు నవ్వారో ఈనాటికీ వరసగా చెప్పగలను. ఆ చీమలు మొదటిసారి ఆ పరదా కిందికి పోయింది ఏ రోజో మాత్రం ఎంత తవ్వుకున్నా దొరకదు. కాలం నా దగ్గర నుంచి తీసుకున్నది ఆ ఒక్క రోజే. మిగిలినవన్నీ నాకే వదిలేసింది.