బావగారి ఎడంచేతి రేజరు

మా బావగారు పోయారు. పోయిన నెలలో, ఓ బుధవారం పొద్దున, బందరులో, తన ఇంటి వెనక వసారాలో. అక్క ఫోన్ చేసేసరికి నేను గుడివాడలో కాలేజీకి బయల్దేరుతూ బండి తాళాలు వెతుక్కుంటున్నాను. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావ వెళ్ళిపోయార్రా. ఇప్పుడే గడ్డం గీసుకున్నారు. కాఫీ తెచ్చేలోపు కుర్చీలోనే ఒరిగిపోయారు" అంది. కాసేపు ఏడ్చి, మళ్ళీ తనే, "ఆయనే గీసుకున్నార్రా. నేను చెయ్యి వెయ్యలేదు" అంది. అంత దుఃఖంలో ఆ మాట ఎందుకు చెప్పిందో బయటివాళ్ళకి అర్థం కాదు. అది చెబుదామనే ఇది రాస్తున్నాను.

బావగారు బందరు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. రిటైరైన మగాళ్ళకి పేకాటో, టీవీలో రాజకీయాలో ఉంటాయి. ఈయనకి పాత సేఫ్టీ రేజర్ల పిచ్చి. ఇప్పుడు మనం గీసి పారేసే ప్లాస్టిక్కువి కావు. మన నాన్నల కాలంలో వాడేవారే, పిడి మర తిప్పి విప్పి, మధ్యలో బ్లేడు పెట్టి బిగించుకునే ఇనప, ఇత్తడి రేజర్లు. అడుగున తిప్పితే పైన రెండు తలుపుల్లా తెరుచుకునేవి కూడా ఉండేవి ఆయన దగ్గర. ఓ చెక్కపెట్టె నిండా పేర్చి పెట్టుకున్నారు. అక్క దాన్ని "నా సవతి" అనేది.

అయితే ఒక్కటి. ఆ పెట్టెలో వాడని రేజరు లేదు. ఎంత పాతదైనా సరే, వంతులవారీగా అన్నిటితోనూ గీసుకునేవారు. "చూసుకోడానికైతే ఫొటో చాలు కదుటోయ్, వస్తువెందుకు?" అనేవారు. మంగళవారం, శుక్రవారం గడ్డం గీసుకోకూడదని వాళ్ళింట్లో పట్టింపు. ఆ రెండు రోజులూ రేజర్లకి స్నానాలు. వేడినీళ్ళు, పాత టూత్‌బ్రష్షు, ఆరాక మరల్లో కాస్త కొబ్బరినూనె. బందరు ఉప్పుగాలికి నూనె లేకపోతే అన్నీ తుప్పు పడతాయని భయం ఆయనకి.

నేను డిగ్రీ చదివేరోజుల్లో కొత్తల్లుడిగా మా ఇంటికొచ్చి, నా మొహం మీది గాట్లు చూసి, "ఏమిటోయ్ ఇది, పిల్లితో కుస్తీ పట్టావా?" అన్నారు. పెరట్లో నూతిపళ్ళెం గచ్చు మీద కూర్చోబెట్టి, సబ్బు నురగ పెట్టి, తన రేజరు నా చేతికిచ్చారు. "నొక్కకు. బరువు దానికుంది. నువ్వు దారి చూపించు, చాలు." ఇన్నేళ్ళకీ రోజూ పొద్దున్నే ఆ మాట నా చెవిలో వినపడుతుంది. నా జీవితంలో నాకు పనికొచ్చిన చదువేదైనా ఉందంటే, అందులో సగం ఆ నూతిపళ్ళెం దగ్గరే దొరికింది.

ఓసారి ఇద్దరం అవనిగడ్డ వెళ్ళాం. అక్కడెవరో పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద ఓ రేజరు దొరికిందని కబురొచ్చింది. ఆ ఇంటాయన, "మా తాతగారిదండీ. మాకెందుకు, తీసుకెళ్ళండి" అన్నాడు. బావగారు సంచీలోంచి బందరు హల్వా పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టి, "కాసిని వేడినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నారు. ఆయన మంచినీళ్ళ చెంబు తెచ్చాడు. "తాగడానిక్కాదండీ, గీసుకోడానికి." "ఇప్పుడా? ఇక్కడా?" అని ఆయన నోరెళ్ళబెట్టాడు. బావగారు ఆ రేజర్ని వేడినీళ్ళలో శుభ్రంగా కడిగి, తెచ్చుకున్న కొత్త బ్లేడు పెట్టి, ఆ ఇంటి అరుగుమీదే గడ్డం గీసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇంటాయన మాత్రం చివరిదాకా చూసి, "మా తాత గుర్తొచ్చాడండీ" అన్నాడు. వచ్చేటప్పుడు బస్సెక్కేదాకా తోడొచ్చాడు.

ఆ రేజరుకే తర్వాత ఓ గండం వచ్చింది. శ్రావణమాసంలో అక్క పూజసామాన్లు తోముతూ, నూతి దగ్గర ఆయన మర్చిపోయిన రేజర్ని కూడా కలిపేసింది. చింతపండు, ఇటుకపొడి పెట్టి ఒళ్ళు వంచి మరీ తోమింది. పైన ఉన్న తెల్లటి నికెల్ పూతంతా పోయి, పచ్చటి ఇత్తడి బయటపడింది. "ఎంత మురికి పట్టించారండీ, చూడండి ఎలా మెరుస్తోందో!" అని ఆయనకే చూపించింది. అప్పుడు నేనక్కడే ఉన్నాను. అయిపోయింది, ఇవాళ ఇంట్లో కురుక్షేత్రమే అనుకున్నాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. "అంతా బాగానే ఉంది గానీ, బొట్టు పెట్టడం మర్చిపోయావేం?" అన్నారు. ఆ రోజునుంచీ ఆయనకి ఇష్టమైన రేజరు అదే. అన్నిటికీ వంతులుండేవి, దానికి మాత్రం రెండు వంతులు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మూతి కొంచెం వంకర పోయింది. రక్తం పలచబడే మందు వాడుతున్నారు కాబట్టి బ్లేడు ముట్టుకోవద్దన్నారు డాక్టరు గారు. తెగితే రక్తం ఓ పట్టాన ఆగదట. విశాఖపట్నంలో ఉండే మేనల్లుడు, అంటే ఆయన కొడుకు, మంచి ట్రిమ్మరు కొని తెచ్చాడు. బావగారు దాని మొహం కూడా చూడలేదు. గడ్డం పెరిగింది. అన్నేళ్ళూ గడ్డంతో చూడని మొహం కదా, అక్క వంటింట్లోకెళ్ళి ఏడ్చేది. నేను గీస్తానన్నాను. ఆయన ఎడంచెయ్యి అడ్డం పెట్టి, తడబడే మాటతో, "నా మొహం... నేను చూసుకుంటా" అన్నారు.

అప్పుడే మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. మాఘమాసంలో ముహూర్తం. పిలవడానికి వెళ్తే ఆయన ఒక్కో మాటా కూడదీసుకుని ఇలా అన్నారు: "గడ్డంతో రాను. ఇంకొకళ్ళు గీసిన మొహంతోనూ రాను."

"అయితే పెళ్ళి వాయిదా వేసుకోమంటారా బావగారూ?" అన్నాను.

"వద్దు. బుడగలు... తే."

మతి కూడా పోయిందేమోనని అక్కా నేనూ మొహాలు చూసుకున్నాం. నురగ రాసిన బుడగ పగలకుండా గీయగలిగితే మనిషి మొహమూ గీయొచ్చని ఆయన లెక్క. కోనేరు సెంటర్లో ప్యాకెట్లు కొని తెచ్చాను. రోజూ పొద్దున్నే వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. అక్క బుడగ ఊది, ముడేసి, నురగ రాసి, రెండుచేతుల్తో పట్టుకునేది. ఆయన ఎడంచేత్తో ఆ ఇత్తడి రేజరు పట్టుకుని గీసేవారు. టప్! అక్క మొహమంతా నురగ. "మీ గడ్డం సంగతేమో గానీ, ముందు నా గుండె ఆగేట్టుంది!" అనేది. ఆయన కిందపడ్డ ముక్క చూసి, "ఇంకోటి" అనేవారు. ఇరుగుపొరుగు వాళ్ళు నవ్వేవారు. నవ్వనీ. ఆయన తల తిప్పేవారు కాదు. చెయ్యి వణికితే ఆపి, వణుకు తగ్గేదాకా కూర్చుని, మళ్ళీ గీసేవారు. నేను చూడలేక ఓ రోజు, "చాలించండి బావగారూ, ఎవరేమనుకుంటారు, ట్రిమ్మరుతోనే కానిద్దాం" అన్నాను. "నువ్వు నొక్కకోయ్" అన్నారు.

పగలడం తగ్గింది. తర్వాత ఆగింది. అప్పుడు డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. రిపోర్టులేవీ తియ్యకుండా, సంచీలోంచి బుడగ, బ్రష్షు, రేజరు తీసి బల్ల మీద పెట్టారు. డాక్టరు గారి ఎదురుగా, అక్క ఊది నురగ రాసి పట్టుకున్న బుడగని పైనుంచి కిందికి శుభ్రంగా గీసి, తుడిచి, ఆయన చేతికిచ్చారు. ఆ డాక్టరు కుర్రాడు కాసేపు నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత లేచి నిలబడి, "కానివ్వండి సార్. పక్కన మనిషి ఉండాలి, పటిక దగ్గరుంచుకోవాలి" అన్నాడు.

ఆ పక్కనుండే మనిషి అక్కే. ఆయన కుర్చీలో కూర్చుంటే, ఎదురుగా నిలబడి అద్దం పట్టుకునేది. చెయ్యి వెయ్యకూడదు, మాట్లాడకూడదు. అద్దం మాత్రం ఆయన మొహానికి సరిగ్గా పట్టాలి.

పెళ్ళికి గుడివాడ వచ్చారు. కల్యాణమండపం గుమ్మంలో కారు దిగుతుంటే చూశాను. నున్నటి మొహం. కుడి చెవి కింద మాత్రం ఓ చోట తెల్లటి వెంట్రుకలు ఉండిపోయాయి. "బావగారూ, ఇక్కడ కొంచెం..." అన్నాను. "కనపడుతోందా? కనపడనీ" అని, కర్ర ఆనించుకుని లోపలికి నడిచారు. అక్షింతలు వేస్తున్న ఫొటోలో కూడా ఆ తెల్లమచ్చ కనిపిస్తుంది. ఫొటోగ్రాఫరు సరిచేస్తానంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు.

ఆ తర్వాత పోయేరోజుదాకా, మంగళ, శుక్రవారాలు తప్ప రోజూ ఆయనే గీసుకున్నారు, ఒక్కరోజు కూడా ఇంకొకళ్ళ చేతికి మొహం ఇవ్వలేదు. ఫోన్లో అక్క చెప్పింది అదే.

కర్మలన్నీ అయ్యాక మేనల్లుడు ఆ చెక్కపెట్టె దగ్గర కూర్చుని, "అమ్మా, మా ఫ్లాట్లో అద్దాల షోకేసు చేయిస్తాను. లోపల లైట్లు పెట్టిస్తాను" అన్నాడు. పాపం, ప్రేమతోనే అన్నాడు. అక్క ససేమిరా అంది. "మీ నాన్న లైట్ల కింద పెట్టుకోడానికి తేలేదురా. గీసుకునేవాడికే ఇస్తాను. నా ఎదురుగా, ఈ వసారాలో గీసుకుని చూపించాలి."

వాడు గుండు చేయించుకున్న తల, నున్నటి గడ్డం తడుముకున్నాడు. "నాకిప్పుడు గీసుకోడానికేముందమ్మా?"

"మొలిచాక రా. ఎక్కడికీ పోదు నీ రేజరు" అంది. ఆయన పోయాక అక్క నవ్వడం అదే మొదలు.

బావమరిదికి అంత పట్టింపు లేదని పురోహితుడు గారు చెప్పినా, నేను అన్నాళ్ళూ గడ్డం తియ్యలేదు. మనసొప్పలేదు, అంతే. అక్క నా మొహం చూసి, లోపలికెళ్ళి ఇత్తడి రేజరు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆయన పోయినరోజు వాడింది వాడినట్టే ఉంది. దువ్వెనలాంటి పళ్ళమధ్య ఎండిన సబ్బు, అందులో పొట్టి తెల్లవెంట్రుకలు. వాడాక కడగకపోతే ఊరుకునే మనిషి కాదాయన. వేడినీళ్ళు పెట్టించి, మరలు విప్పి కడిగాను. కొత్త బ్లేడు పెట్టాను. నురగ రాసుకుని వసారాలో నిలబడ్డాను.

అక్క అద్దం పట్టుకుంది. అలవాటు చొప్పున ఆ కుర్చీ ముందే నిలబడింది, కుర్చీలో కూర్చున్న మనిషి మొహమంత ఎత్తులోనే పట్టుకుంది. నిలబడ్డ నాకు అందులో నా చొక్కా బొత్తాలు మాత్రమే కనిపించాయి. పైకెత్తమని నేను అనలేదు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.