అత్తగారి ఉత్తరంలో లేని రెండు వాక్యాలు

మొన్న ఆదివారం మా మనవరాలు వాల్డార్ఫ్ నుంచి వచ్చి, భోజనమయ్యాక సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోన్‌లో ఏదో చదువుతూ తనలో తను నవ్వుకుంటుంటే ఏమిటే అని అడిగాను. అమెరికాలో ఎవరో బేస్‌బాల్ ఆటగాడట, జట్టు వాళ్ళిచ్చిన ఒప్పందం మీద, ఇక్కడి మాటలో వెర్ట్రాగ్ మీద, సంతకం పెట్టాలా, ఆగి ఇంకో జట్టు పిలుపు కోసం చూడాలా అని చలికాలమంతా నానుస్తున్నాడట. ఆ జట్టేమో వచ్చే ఏటికి ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని వదిలించుకోవాలో లెక్కలు వేసుకుంటోందట. "అమ్మమ్మా, వెర్ట్రాగ్ మీద ఇంకా సైన్ చేయలేదు, ఎంత కూల్‌గా ఉన్నాడో చూడు" అంటూ, ఆటగాళ్ళందరి జీతాలూ పేరు పేరునా వేసి ఉన్న పట్టికను నా ముఖం ముందు పెట్టింది. దానికది వినోదం. నాకు మాత్రం భయం వేసింది. దాదాపు యాభై ఏళ్ళ కిందట అలాంటి పట్టికనే ఒకదాన్ని నా చేతులతో టైపు చేసి, ఎవరికీ చెప్పుకోలేక తిరిగినదాన్ని నేను. ఆ భయం ఎలాంటిదో నా ఈడువాళ్ళకైతే వివరించి చెప్పనక్కర్లేదు, అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

మావారు కాకినాడలో డిప్లొమా చదివి, అరవైల చివర్లో ఈ జర్మనీ దేశానికి శిక్షణ కోసం వచ్చి, కార్ల్స్‌రూహె శివార్లలో తాళాలూ గొళ్ళేలూ తయారుచేసే ఒక కర్మాగారంలో లేతు మెషిను మీద కుదురుకున్నారు. ఆ కర్మాగారం యజమాని యుద్ధంలో అమెరికా వాళ్ళకు ఖైదీగా చిక్కి, అక్కడ రెండేళ్ళు ఉండి, తిరిగి వస్తూ బేస్‌బాల్ పిచ్చి వెంట తెచ్చుకున్న మనిషి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఫుట్‌బాల్ ఆడుకుంటుంటే ఈయన తన పనివాళ్ళతో బేస్‌బాల్ జట్టు పెట్టాడు. కాలేజీలో క్రికెట్ ఆడిన మావారిని ఒకరోజు సరదాగా మైదానంలోకి దింపారట. బంతిని బలంగా కొట్టి, మనవాళ్ళ అలవాటు ప్రకారం బ్యాటు చంకలో పెట్టుకుని పరుగు తీశారట ఈయన. బ్యాటు పారేసి పరిగెత్తాలని అందరూ అరుస్తుంటే, ఇంత మంచి బ్యాటు ఎవరైనా పారేసుకుంటారా అని ఇంకా గట్టిగా పట్టుకున్నారట. అంతా పడీపడీ నవ్వారట కానీ, ఆ తర్వాత తోలు తొడుగు లేకుండా వట్టి చేతులతో ఆయన పట్టిన క్యాచ్‌లు చూసి నవ్వడం మానేశారట. అలా జట్టులో చేరిపోయారు.

జట్టులో ఉన్నవాడికి కర్మాగారంలో ఉద్యోగం ఖాయం, ఉండడానికి కంపెనీ ఇల్లు, సాధన రోజున మూడింటికే సెలవు. ఆట పేరుతో జీతమంటూ ఉండేది కాదు, ఆ ఉద్యోగమే జీతం. ఆట ఆగిపోయిన చలికాలంలో వచ్చే ఏటి ఒప్పందం కాగితాలు చేతికిచ్చేవారు. వాటి మీద ఫలానా తేదీలోపు సంతకం పెట్టాలని రాసి ఉండేది కానీ చాలామంది పట్టించుకునేవారు కాదు. ఫిబ్రవరి దాకా బేరాలాడి, ఒకరు పెద్ద ఇల్లు అడిగి, ఒకరు తమ్ముడికి పని అడిగి, అప్పుడు పెట్టేవారు. ఆ ఉద్యోగం ఉన్నంత కాలమే పోలీసులు మా పాస్‌పోర్టుల్లో ఈ దేశంలో ఉండనిచ్చే ముద్ర వేసేవారు. ఉద్యోగం పోతే ముద్రా పోతుంది, ఇల్లూ పోతుంది.

నేను పెళ్ళయి వచ్చాక, టైపు హయ్యరు ప్యాసయినదాన్ని కదా అని, సాయంకాలం బడిలో జర్మన్ నేర్చుకుని, అదే కర్మాగారం జీతాల ఆఫీసులో టైపిస్టుగా చేరాను. లోన్‌బ్యూరో అనేవారు దాన్ని. చేరిన రోజునే మా సెక్షన్ పెద్దావిడ ఒక కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుని, ఈ గదిలో చూసింది గది దాటకూడదు, నీ భర్త జీతం కూడా నీకు తెలియదనే అనుకో, ఒక్క మాట బయటికి పొక్కినా మర్నాడు నీకు ఇక్కడ కుర్చీ ఉండదు అని మెల్లగా, మర్యాదగా చెప్పింది. అంత మర్యాదగా చెప్పింది కాబట్టే నాకు వణుకు పుట్టింది. నేను పుట్టు పిరికిదాన్ని. మా ఊళ్ళో టిక్కెట్టు కొనుక్కుని బస్సెక్కినా కండక్టరును చూసి తడబడేదాన్ని.

పెట్రోలు కరువొచ్చి ఆదివారాలు కార్లు తియ్యకూడదని ప్రభుత్వం ఆజ్ఞ వేసిన ఆ చలికాలం మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. ఖాళీ రోడ్ల మీద పిల్లలు స్కేటింగు చేసుకుంటుంటే పెద్దవాళ్ళ ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. బయటి దేశాల నుంచి పనివాళ్ళను తెచ్చుకోవడం ఆపేశామని రేడియోలో చెప్పారు. ఒకసారి పని పోగొట్టుకుని వెళ్ళినవాడు మళ్ళీ రాలేడన్నమాట. నాకప్పుడు నాలుగో నెల.

డిసెంబరులో ఒక మంగళవారం పెద్దావిడ నా బల్ల మీద, ఆటగాళ్ళ పేర్లూ జీతాలూ వరసగా వేసిన ఒక చిత్తుప్రతి పెట్టి, మూడు ప్రతులు తియ్యమంది. జట్టు కోసం ఉంచిన పదకొండు ఉద్యోగాలను ఏడుకు తగ్గిస్తున్నారు. శుక్రవారం మధ్యాహ్నంలోగా సంతకం చేసి ఇచ్చినవారికే, అందిన వరసలో, ఆ ఏడూ. మిగిలిన వారికి జనవరి ఆఖరుతో సరి. ఈ సంగతి ముందుగా ఎవరికీ తెలియనివ్వరాదు. ఆరు సంతకాలు అప్పటికే అందాయి. అవన్నీ జర్మన్లవే, తేదీ అంటే తేదీయేనని నమ్మే మనుషులు వాళ్ళు. ఇవ్వనివారిలో ముగ్గురు అప్పటికే ఊళ్ళు వెళ్ళిపోయారు. ఇక మిగిలింది ఇద్దరు. మావారు, మా మీదింటి ఆయన.

మీదింటి ఆయనది యుగోస్లావియా. జట్టులో బంతి విసిరేది ఆయనే. భార్యా ఇద్దరు ఆడపిల్లలూ. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో స్టవ్ వెలిగించడం చేతకాక కూర్చుంటే కిందికొచ్చి వెలిగించి చూపించింది వాళ్ళావిడే. ఆ కుటుంబం ఏటా డిసెంబరులో సొంతూరు వెళ్ళి జనవరిలో వచ్చేది. బుధవారం మధ్యాహ్నం ఆయన మా ఆఫీసు కిటికీ దగ్గరకొచ్చాడు. సాయంత్రం రైలుకు బయల్దేరుతున్నాడు. ఒప్పందం కాగితం కోటు జేబులోనే ఉంది, తీసి చూపించాడు కూడా. ఆడపిల్లలకొక గది ఉన్న ఇల్లు ఇస్తేనే పెట్టాలని ఇన్నాళ్ళూ ఆగాడట. నావైపు వంగి, తక్కువ గొంతుతో అడిగాడు.

"ఈసారి శుక్రవారమంటే నిజంగా శుక్రవారమేనా?"

పెద్దావిడ నా వెనకే ఉంది. అది సాకు కాదని మీకు చెప్పాలి. ఆవిడ లేకపోయినా నేను చెప్పి ఉండేదాన్ని కాదు. ఔనంటే ఆయన అక్కడే ఆ కిటికీ చెక్క మీదే సంతకం పెట్టేస్తాడు, ఏడో చోటు నిండిపోతుంది. నాకు తెలియదని జర్మన్‌లో అన్నాను. ఆయన నవ్వి, మీ ఆయన పెట్టాడా అని అడిగాడు. లేదన్నాను, అది మాత్రం నిజమే. అయితే నేనూ వచ్చాక పెడతాలే అని కాగితం జేబులో పెట్టుకుని, వస్తూ పిల్లలకు తేనె తెస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇక మావారి సంగతి. నది అవతలి ఊరి జట్టు వాళ్ళు ఆయనకు వసంతంలో డ్రాయింగు ఆఫీసులో చోటిస్తామని ఆశ పెట్టారు. చదివిన చదువుకు తగిన పని అది. లేతు ముందు నిలబడి నిలబడి విసిగిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? ఇక్కడి కాగితం మీద పెడితే ఏడాది దాకా కదలడానికి లేదు. కాగితం మీది తేదీ చెప్పి, ఏం చెయ్యాలో సిద్ధాంతి గారిని అడిగి రాయించమని అత్తగారికి ఉత్తరం రాసి, ధనుర్మాసంలో తొందరేమిటి, జవాబు రానీ అంటూ కాగితాన్ని పంచాంగంలో పెట్టి ఉంచారు. మంగళవారం రాత్రి నుంచీ నేను ఎన్ని విధాల చెప్పినా, నీకన్నిటికీ భయమే అని నవ్వేసేవారు. భయానికి కారణం చెప్పలేను, చెబితే ఆయన వెళ్ళి ఆఫీసులో నిలదీసే మనిషి.

బుధవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి డబ్బాలో అత్తగారి ఉత్తరం ఉంది. ఆవిడకు రాయడం రాదు, ఎవరు దొరికితే వాళ్ళ చేత రాయించేది. ఆ కోడిగీతలు కూడబలుక్కుని చదవడం నా పని, అన్నం తింటూ వినడం మావారి పని. ఆయన వచ్చేలోగా చింపి చూశాను. ఉగాది దాటే వరకు ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దనీ, పెడితే ఇంట్లో పుట్టబోయే బిడ్డకు కూడా మంచిది కాదనీ సిద్ధాంతి గారు మరీ మరీ చెప్పారని ఉంది. ఉత్తరం మడిచి పక్కన పెట్టి, ఎసరు పెట్టాను.

ఆయన కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి కూర్చున్నారు. వడ్డించి, ఉత్తరం విప్పి చదవడం మొదలుపెట్టాను. గేదె ఈనిందని ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆడపడుచుకు మళ్ళీ సంబంధం తప్పిపోయిందని చదివాను. ఆ చోటు వచ్చేసరికి, శుక్రవారంలోగా పెట్టెయ్యమన్నారు, అది దాటితే మూడు నెలల దాకా నీకు మంచి ఘడియ లేదన్నారు అని, కాగితం మీద లేని రెండు వాక్యాలు అత్తగారి గొంతుతోనే చదివాను. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని చదివాను. మావారు తినడం ఆపి, ఇంతా చేసి ఆ లేతే రాసిపెట్టి ఉందన్నమాట అని, మజ్జిగ పోసుకుని లేచిపోయారు. గిన్నెలు తీస్తూ ఉత్తరాన్ని బొగ్గుల పొయ్యిలో పడేశాను. పొరపాటున పడిందని చెప్పాను. ఆ మాత్రం దానికే ఏడుస్తారా అని ఆయన నన్ను ఓదార్చారు కూడా.

గురువారం పొద్దున్న ఆయన సంతకం చేసి ఇచ్చారు. శుక్రవారం పన్నెండింటికి పెద్దావిడ జాబితా మూసింది.

జనవరిలో మీదింటి ఆయన వచ్చి, కిటికీ దగ్గర ఉత్తర్వు అందుకుని, రెండుసార్లు చదువుకున్నాడు. నా వైపు చూస్తాడని తల వంచుకుని టైపు చేస్తూనే ఉన్నాను, ఏం టైపు చేశానో నాకే తెలియదు. ఆయన దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నెలాఖరున సామాను సర్దుకుని వెళుతూ, వాళ్ళావిడ తన పిల్లలు పెరిగిన చంటిపిల్లల బండి కడిగి ఆరబెట్టి మా గుమ్మం దగ్గర పెట్టింది. తేనె సీసా కూడా. మా అమ్మాయి పుట్టేదాకా నేను నిద్రపోయిన రాత్రులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సిద్ధాంతి గారి మాట నిజమవుతుందనీ, నేను చేసిన పనికి శిక్ష ఆ పసిదానికి పడుతుందనీ హడలిపోయేదాన్ని. అది పుట్టి గట్టిగా ఏడిస్తే, ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. నది అవతలి ఊరి కంపెనీ ఆ వసంతంలోనే తన జట్టును ఎత్తేసింది. నేను చేసిందే సరైనదని తేలింది కానీ, దాంతో నా భయం తగ్గలేదు.

ఇంకో మూడేళ్ళకు సెలవు దొరికి పిఠాపురం వెళ్ళాం. అత్తగారు మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఉగాది దాకా ఆగమని రాయించాను, ఆగావు కదా నాయనా, అందుకే పిల్ల ఇలా ఆరోగ్యంగా ఉంది అంది. మావారు నావైపు చూశారు. ఆగానమ్మా అన్నారు ఆయన, ఆవిడతో. తిరుగు ప్రయాణంలో రైలు రాజమండ్రి వంతెన దాటాక, పిల్ల నిద్రపోయిందని చూసుకుని అడిగారు.

"మీదింటాయన నిన్ను అడిగేడా?"

"అడిగేడండి."

"ఏం చెప్పేవు?"

"తెలీదన్నాను."

ఆయన పిల్ల మీద దుప్పటి సరిచేశారు. తిరిగి వెళ్ళిన వారంలోనే, భుజం నొప్పని చెప్పి ఆట మానేశారు. అప్పటికి ఆటతో పనిలేకుండానే ఉద్యోగం నిలబడింది. ఆ భుజంతో ఇంకో ఇరవై ఏళ్ళు లేతు తిప్పారు, ఒక్కనాడూ నొప్పనలేదు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. నా పాస్‌పోర్టు ఇప్పుడు ఈ దేశానిదే, ఇల్లు మాదే, ఎవరూ నన్ను కదిలించలేరు. ఆఫీసుల్లో ఒకరి జీతం ఒకరు భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వుకునే పిల్లల మధ్య, నన్ను అంతగా వణికించిన ఆ గది సంగతి చెబితే కథ అనుకుంటారు. ఏ కిటికీ దగ్గరైనా నిలబడి, ఔను, నిజంగా శుక్రవారమే, ఇప్పుడే పెట్టెయ్యి అని చెప్పగల ధైర్యం నాకిప్పుడుంది. మీదింటి ఆయనకు కావలసిన రోజున లేదు.