బోర్లించిన ఉప్పుచిప్ప

గుల్షన్ బీ గురించి నాకు తెలిసిందంతా మా పెద్దమ్మ లక్ష్మీదేవమ్మ చెప్పిందే. కర్నూలు పాతపేటలో వాళ్ల రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. గడ్డం దాకా వచ్చే ఆ గోడ మీద చేతులు ఆనించి ఇద్దరూ ఏండ్ల తరబడి మాట్లాడుకున్నారు. మా పెద్దమ్మ ఏది చెప్పినా కాస్త దట్టించే చెబుతుంది, అది ఆమె స్వభావం. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఏమీ కలపలేదని నా నమ్మకం. ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గిపోయేది.

గుల్షన్ బీ మొగుడు వలి సాహెబ్ వంటమేస్త్రీ. నిఖాలకూ, బిడ్డ పుట్టిన ఆరోనాటి ఛట్టీలకూ, రంజాన్ విందులకూ పొయ్యి మీద డేక్సాలు ఎక్కించేవాడు. ఊళ్లో బిరియానీ వండేవాళ్లు వీధికొకరు ఉండేవాళ్లు. వలి సాహెబ్ పేరు నిలబెట్టింది మాత్రం ముంచుడు రొట్టెలు. అరచేతిలో ఇమిడే బన్ను మధ్యకు చీల్చి, పెనం మీద మూలుగ కొవ్వుతో కాల్చి, తెల్లవార్లూ సన్నసెగ మీద ఉడికి పోగులు పోగులుగా విడిపోయిన గొడ్డుమాంసం, పెద్దకూర అంటారు దాన్ని, అందులో కూరేవాడు. పక్కన ఒక మట్టి పిడతలో పొగలు కక్కే ఎముకల రసం, షోర్వా. రొట్టెను అందులో ముంచి, కారిపోకముందే నోట్లో పెట్టుకోవాలి. తినేవాళ్ల మోచేతుల దాకా షోర్వా కారేదట. పెద్ద పెద్ద ఉద్యోగస్తులు కూడా చొక్కా చేతులు మడుచుకుని తినేవాళ్లట. పెద్దమ్మ ఎన్నడూ తినలేదు, తినదు కూడా. అయినా ఆ వాసన వస్తే ఏ రోజు ఎవరింట్లో శుభకార్యమో చెప్పేసేది.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ నాలుగు రోజులూ వలి సాహెబ్‌కు ఊపిరి సలపలేదు. గుడారాల్లో సర్కారు కచేరీలు, వీధినిండా గుమాస్తాలు, వారానికొక విందు. తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు పీకేశారు. ఆ చలికాలంలోనే వలి సాహెబూ పోయాడు. రెండు దెబ్బలూ ఒకేసారి తగిలాయి.

గుల్షన్ బీకి పని రాదా అంటే, అంతా వచ్చు. మసాలా నూరింది ఆమే, ఎముకలు ఉడికించింది ఆమే, సెగ చూసుకున్నది ఆమే. ఉప్పు మాత్రం ఆయన చెయ్యి. ముందే ఉప్పు పడితే కూర బిగుసుకుపోతుందని ఆయన చివర్లో వేసేవాడు. టెంకాయ చిప్పతో ఉప్పు తీసుకుని, మనసులో దేవుణ్ణి తలుచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వేసేవాడు. వేసినాక ఆ చిప్పను పొయ్యి పక్కన బోర్లించేవాడు. చిప్ప వెల్లకిలా ఉంటే ఉప్పు ఇంకా పడలేదని, బోర్లా ఉంటే పడిందని లెక్క. రంజాన్ నెలలో ఇది మరీ ముఖ్యం. అందరూ రోజా ఉపవాసమే, రుచి చూసే దిక్కు లేదు. నాలుక కొనకు తాకించి ఉమ్మేస్తే తప్పు లేదనేవాళ్లు ఉన్నారు గానీ, వలి సాహెబ్ ఒప్పుకునేవాడు కాదు. ఎండాకాలంలో ఎండిపోయిన నోటికి చుక్క తగిలితే గొంతు ఆగుతుందా అనేవాడు.

ఆయన పోయిన తర్వాత వచ్చిన మొదటి రంజాన్‌కు తోళ్ల వ్యాపారి నబీ సాహెబ్ కబురు పెట్టాడు. కల్లూరు వైపు ఆయనకు తోట ఉంది. ఏటా అక్కడ ఒకరోజు ఊరి పెద్దలందరికీ ఇఫ్తార్ ఇస్తాడు. "వలి చేసినట్టే చెయ్యాలమ్మా" అన్నాడు. ఆయన తమ్ముళ్లకు అది ఇష్టం లేదు. ఆడమనిషి డేక్సాకు పెద్దమనుషులను కూర్చోబెడతావా అని, కడప నుంచి ఒక మేస్త్రీని పిలిపిద్దామని పట్టుబట్టారు. నబీ సాహెబ్ ఈ ఒక్కసారి చూద్దామన్నాడు. ఆ మాట గుల్షన్ బీకి చేరింది. ఒక్కసారి అంటే ఒక్కసారే. ఆ పూట తప్పితే కర్నూల్లో మళ్లీ ఆమెను పొయ్యి ముట్టించమనేవాళ్లు ఉండరు.

ఇంట్లో ఉన్నది కొడుకు దస్తగిరి, కోడలు నన్నీ బీ. దస్తగిరి మంచివాడే, పొయ్యి దగ్గర మాత్రం వట్టి మొద్దు. చాపలు పరచడానికి మధ్యాహ్నమే తోటకు పోయాడు. నన్నీ బీది కోసిగి. మాట తక్కువ పిల్ల. కాపురానికి వచ్చినాక కడుపు నిలిచింది, గుల్షన్ బీ వీధంతా మిఠాయి పంచింది, నెల తిరగకుండా పోయింది. మళ్లీ నిలిచింది, మళ్లీ పంచింది, మళ్లీ పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్లు లేరు.

ఆ రోజు ఎండ మామూలు ఎండ కాదు. పొయ్యి పెరట్లో, రేకుల పంచ కింద. మూడు జాముల పొద్దుకు కూర విడిపోయింది, షోర్వా చిక్కబడింది. గుల్షన్ బీ ఉప్పు బస్తా విప్పింది. ఇంతలో వీధిలోంచి బన్నులవాడి కేక. మొదటి గంప పొద్దున్నే దించి పోయాడు, ఇది రెండోది. అందులో సగం మాడినవి. మాడిన బన్ను షోర్వాలో ముంచితే చేదు దిగుతుంది. ఆమె వాడితో వాదించి, తిట్టి, వాటిని తిప్పి పంపి, మంచివి తెస్తానని ఒట్టు వేయించుకుని లోపలికి వచ్చింది.

పొయ్యి దగ్గరికి వచ్చేసరికి చిప్ప బోర్లా ఉంది.

బోర్లా ఉంటే మంచిదే గదా! కానీ ఆమెకు ఉప్పు వేసినట్టు గుర్తు లేదు. బస్తా విప్పినది గుర్తుంది, కేక వినబడినది గుర్తుంది. మధ్యలో ఏం జరిగిందో ఎంత ఆలోచించినా తోచలేదు. బస్తా వైపు చూసింది. నిండు బస్తాలో చిప్పెడు తగ్గితే ఎవరికి తెలుస్తుంది? ఇంకొక చిక్కు, కోసిగిలో దుమ్ముకు భయపడి ఏ గిన్నె అయినా కడిగి బోర్లిస్తారు. నన్నీ బీకి ఆ అలవాటు ఉంది. ఎన్నిసార్లు చెప్పినా ఉప్పుచిప్పను కూడా బోర్లిస్తుంది.

"నన్నీ! ఈ చిప్ప నువ్వు బోర్లిస్తివా?"

నన్నీ బీ లోపలి గదిలో పడుకుని ఉంది. గడప దాకా వచ్చి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. "నేను ముట్టలేదత్తా."

"బాగా గుర్తు తెచ్చుకో. చెయ్యి నీ మాట వింటుందా? ఊరికే బోర్లిస్తావు."

"ఏమో అత్తా. నువ్వు వేసినట్టే ఉండావు."

"వేసినట్టే అంటే? కండ్లారా చూస్తివా? మీ మామ మీద ఒట్టేసి చెప్పు."

నన్నీ బీ తల వంచుకుంది. ఒట్టు వేయలేదు.

గుల్షన్ బీకి ఒక ఆలోచన వచ్చి గొంతు తగ్గించింది. "అమ్మీ, ఇదేమీ సిగ్గుపడే పని కాదు. నెలసరి ఏమైనా వచ్చిందా? రోజా లేకుంటే చెప్పు. ఒక చుక్క నాలుక మీద ఏసుకుని చూద్దువు."

"రోజా ఉండానత్తా" అంది నన్నీ బీ, గడప వైపు చూస్తూ.

ఇక గోడ దగ్గరికి పోయింది గుల్షన్ బీ. పెద్దమ్మ అప్పుడు వడియాలు ఎత్తుకుంటోంది.

"అక్కా, నా కొంప మునిగింది. ఉప్పు వేస్తినో లేదో తెలీకుండా ఉండాది."

పెద్దమ్మ సంగతంతా విన్నది. విని, చేతులు రెండూ చూపించింది. "ఏమ్మే గుల్షనూ, కోడికూరైతే నేనే చూసి చెబుదును గదా. ఇదేమో పెద్దకూరాయె. నా నోటికి రాదమ్మే, ఏమనుకోవద్దు."

"నేను అడగలేదు లేక్కా. ఎవరితోనన్నా చెప్పుకుంటే గుండె నిమ్మళిస్తుందని."

పెద్దమ్మకు కండ్లలో నీళ్లు తిరిగాయట. ఊరుకోలేక ఒక ఉపాయం చెప్పింది. "మేము దేవునికి పెట్టేది రుచి చూస్తామా? చూడం. అనుమానం వస్తే విస్తట్లో ఓ పక్కన ఇంత ఉప్పు పెడతాం. నువ్వూ అట్లనే పెట్టు. కావాల్సినోళ్లు కలుపుకుంటారు."

గుల్షన్ బీ ఆ మాటను కాసేపు మనసులో తిప్పి చూసింది. నబీ సాహెబ్ తమ్ముళ్లు కండ్ల ముందు మెదిలారు. పిడత పక్కన ఉప్పు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కనబడింది. వలి పెండ్లానికి ఉప్పు వేయడం కూడా రాదని రేపు మసీదు మెట్ల మీద అనుకోవడం వినబడింది.

"ఆయన డేక్సా పక్కన ఎన్నడూ ఉప్పు పెట్టింది లేదక్కా" అంది.

"మరేం చేస్తావు?"

"ఏదో ఒకటి చేస్తా."

ఆమె పొయ్యి ముందు కూర్చుంది. మూత తీసి ఆవిరి పీల్చింది. వాసనలో మిరియాలున్నాయి, ధనియాలున్నాయి, ఉప్పుకు వాసన ఎక్కడిది? గరిటెతో ఎత్తి చూసింది. రంగుకేమీ తెలియదు. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినబడింది. ఇంకాసేపటికి బండి వస్తుంది. హంద్రి ఏరు దాటి తోట చేరాలి. ఉప్పు వేయకుండా పంపిస్తే చప్పిడి నీళ్లు. వేసినదాని మీద మళ్లీ వేస్తే, పొద్దంతా నోరు కట్టుకున్న మనుషులు మొదటి ముద్దే ఉమ్మేస్తారు. సగం చిప్ప వేస్తే? పడి ఉంటే ఎక్కువ, పడకుంటే తక్కువ. ఎటు చూసినా తప్పే. చెమట చీర అంచుకు తుడుచుకుంటూనే ఉంది. మొగుడి మీద కోపం కూడా వచ్చిందట ఆమెకు. అన్నీ నేర్పి ఉప్పొకటి నీ చేతిలోనే పెట్టుకుని పోతివే అని పైకే అన్నది. గోడవతల పెద్దమ్మ విన్నది.

వీధిలో బండి ఆగిన చప్పుడైంది.

గుల్షన్ బీ లేచింది. చిప్ప వెల్లకిలా తిప్పి బస్తాలో ముంచింది. నిండా తీసింది. చప్పిడి అయితే వంట రాదంటారు, ఉప్పెక్కువైతే పొరపాటంటారు, పొరపాటే మేలు అనుకుందేమో. చిప్ప డేక్సా మీదికి వచ్చింది.

నన్నీ బీ పరుగెత్తుకొచ్చి ఆమె మణికట్టు పట్టుకుని పక్కకు లాగింది.

"వద్దత్తా! ఉప్పుండాది."

"ఇడువు. ఒట్టెయ్యమంటే ఎయ్యకపోతివి."

"ఇప్పుడు ఏస్తా. మామ మీద ఒట్టు. ఉప్పుండాది. సరిగ్గా ఉండాది."

"నీకెట్ల తెలుసు?"

నన్నీ బీ మణికట్టు వదలలేదు. బండివాడు వీధిలోంచి "అమ్మా" అని పిలిచాడు.

"ఎట్ల తెలుసునే?"

"తింటినత్తా." ఆ మాట వచ్చినాక మిగతావి ఆగలేదు. "నువ్వు బన్నులోడితో కొట్లాడేటప్పుడు. పొద్దుటి గంపలోంచి ఒక బన్ను తీసుకుని, షోర్వాలో ముంచుకుని తింటి. కండ్లు తిరుగుతా ఉన్న్యాయి."

గుల్షన్ బీకి ఒళ్లు మండిపోయింది. రంజాన్ నెలలో, పట్టపగలు, ఉపవాసులకు వండిన డేక్సాలోంచి! ఊళ్లో తెలిస్తే ఈ ఇంటి వంట ఎవరు ముడతారు? "దాహానికి నేను చావలేదా? ఈ వయసులో నేను ఓర్చుకుంటా ఉంటే నీకు..." అని చెయ్యెత్తింది.

"నేనొక్కదాన్నే అయితే ఓర్చుకుందునత్తా" అంది నన్నీ బీ.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది. ఇంకో చేతిలోని చిప్ప జారి, ఉప్పంతా నేల మీద పడింది. గోడవతల పెద్దమ్మ వడియాల చేట కింద పెట్టేసిందట.

"ఎప్పటినుంచే?"

"చెబితే పోతాదని చెప్పలేదత్తా. ఆయనకూ చెప్పలేదు. రోజా ఇడిస్తే మీకు తెలిసిపోతాదని ఇన్ని రోజులూ ఉంటి. ఈ పొద్దు శాతగాలేదు."

గుల్షన్ బీ ఏడ్చిందా అని నేను అడిగాను. ఏడవలేదట. భయపడిందట. అప్పటిదాకా ఉన్న భయం దీని ముందు ఏపాటిదీ కాదని పెద్దమ్మ అనేది. గుల్షన్ బీ కోడలిని రెండు భుజాలూ పట్టుకుని నెమ్మదిగా గోడ నీడలో కూర్చోబెట్టింది. గంపలోంచి బన్ను తీసి చీల్చింది, కూర కూరింది, పిడతలో షోర్వా పోసి ఎదురుగా పెట్టింది.

"తిను."

"ఇంకా పొద్దు గుంకలేదత్తా."

"నీకు పొద్దుతో పని లేదు. తిను." తాను గుమ్మానికి అడ్డంగా నిలబడి కొంగు చాపి పట్టింది. కోడలు తినేదాకా బండివాణ్ణి లోపలికి రానివ్వలేదు. అప్పుడు గోడ వైపు తిరిగి, "అక్కా, నీకేమీ వినబడలేదు గదా" అంది. "నాకు చెవుడమ్మే" అంది పెద్దమ్మ. ఆ బిడ్డ భూమ్మీద పడేదాకా నిజంగానే ఒక్క మాట బయటపెట్టలేదు, అది ఆమెకు ఎంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

డేక్సా, మార్చి తెచ్చిన బన్నులూ బండెక్కాయి. గుల్షన్ బీ అందులో చుక్క కూడా రుచి చూడకుండా, కోడలి మాట ఒక్కటే నమ్ముకుని బండి వెనకాల నడిచింది. హంద్రిలో ఇసుక కాలుతోంది. తోటలో పరదా వెనక నిలబడి మగవాళ్ల వైపు చెవి పెట్టింది. పొద్దు గుంకి నమాజు పిలుపు వినబడింది, ఖర్జూరాలు అయ్యాయి, పిడతలు కదిలాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి నబీ సాహెబ్ చిన్న తమ్ముడి గొంతు వినబడింది. "ఇంకొంచెం షోర్వా పోయించండప్పా" అన్నాడు.

అప్పుడు గానీ ఆమె తన ఉపవాసం విడవలేదు.

ఆ తర్వాత కడప మేస్త్రీ ఊసు ఎవరూ ఎత్తలేదు. గుల్షన్ బీ మిఠాయి పంచలేదు. వర్షాలు వెళ్లినాక మనవడు పుట్టినప్పుడు కూడా, బిడ్డ బోర్లా పడేదాకా ఆగి అప్పుడు పంచింది. వాడికి వలి అనే పేరు పెట్టింది. ఉపవాసముండి అంత సరిగ్గా ఉప్పు ఎట్లా వేస్తివమ్మా అని ఆ తోట విందు గురించి ఎవరు అడిగినా, ఆమె చంకలోని పిల్లవాణ్ణి ముందుకు జరిపి చూపించేది.

"ఆ పొద్దు ఉప్పు చూసింది వీడేనప్పా" అనేది.

అడిగినవాళ్లు నవ్వి వెళ్లిపోయేవాళ్లు.