గుడ్డ కింద వేలు

ఆ వీధిలో గడ్డం పెరిగే ప్రతి మగవాడికీ నురగాయన తెలుసు. ఆయన అసలు పేరు భార్యకు కూడా కోపం వచ్చినప్పుడే గుర్తొస్తుంది. సెలూన్లో ఆయన కలిపే నురగ అలాంటిది మరి. పొద్దున కలిపిన నురగలో బ్రష్షు గుచ్చి వదిలేస్తే మధ్యాహ్నానికీ అది నిలబడే ఉండేదట. ఒకసారి ఫ్యాను గాలికి ఒక ముద్ద కిటికీలోంచి ఎగిరిపోతే, ఎదురింటావిడ మబ్బు పట్టిందనుకుని ఆరేసిన బట్టలన్నీ లోపలికి తీసుకుపోయిందట. నమ్మనివాళ్ళు ఆవిడనే అడగవచ్చు. ఇల్లు మారి వెళ్ళిపోయింది, అంతే.

అలాంటి నురగాయనకు యాభై దాటాక ఇంగ్లీషు గ్రామర్ వచ్చి మెడకు చుట్టుకుంది. సెలూన్ ఉన్న పాత మేడను పడగొడుతున్నామని దాని యజమానులు చెప్పేశారు. స్టేషన్ ఎదుట ఉన్న పెద్ద హోటల్ సెలూన్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడి మేనేజరు ఆయన చేత ఒకసారి గడ్డం గీయించుకుని, చెంప నిమురుకుంటూ, "చెయ్యి బంగారమండీ. కానీ మా గెస్టులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఇంగ్లీషులో కబుర్లు చెబుతారు. అప్పర్ ఇంటర్మీడియట్ స్థాయి ఇంగ్లీషు పరీక్ష పాసై రండి, కుర్చీ మీదే" అన్నాడు.

పాసవకపోతే ఏమిటన్నది బావమరిది ముందే తేల్చేశాడు. అతనికి టైర్ల కొట్టు ఉంది.

"మా కొట్లో కూర్చో బావా. టైర్లకు గడ్డాలు రావు, నీకు హాయి" అన్నాడు, అక్క ఇంట్లో, అక్క పెట్టిన టీ తాగుతూ.

అక్క నవ్వింది. ఆ నవ్వు నురగాయనకు ముల్లులా దిగింది. బావమరిది కొట్లో కూర్చోవడం కంటే టైరు కింద పడుకోవడం నయమనుకుని, వెళ్ళి గ్రామర్ పుస్తకం కొన్నాడు.

పుస్తకం తెరిస్తే నిద్ర ముంచుకొచ్చేది. చేతిలో బ్రష్షు లేకపోతే ఆయన బుర్ర పని చేయదు. అందుకని గ్రామర్ మాస్టారిని పట్టుకున్నాడు. ఆయన రిటైరైన ఇంగ్లీషు టీచరు, రోజు విడిచి రోజు గడ్డానికి వచ్చే మనిషి. నురగాయన నురగ పూస్తూ, కత్తి నడుపుతూ ఇంగ్లీషులో మాట్లాడాలి, మాస్టారు దిద్దాలి అని ఒప్పందం. అయితే గొంతు మీద కత్తి ఆడుతుండగా ఎంత గొప్ప మాస్టారైనా నోరు తెరవలేడు కదా. దానికి ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. తప్పు దొర్లినప్పుడల్లా, మెడ నుంచి మోకాళ్ళ దాకా కప్పిన తెల్లగుడ్డ కింద చూపుడు వేలు లేపుతాడు. అద్దంలో గుడ్డ మొన తేలగానే నురగాయన ఆగి వాక్యం మార్చుకోవాలి.

మొదట్లో ఆ గుడ్డ కింద ఎలుకలు పరిగెడుతున్నట్టుండేది. ఎవరో అన్న మాటను ఇంకొకరికి చెప్పబోతే వేలు. చేసినవాణ్ణి దాచి, పని మాత్రమే చెప్పబోతే వేలు. ఒకరోజు, మా నాన్న నన్ను బడి మాన్పించి ఉండకపోతే నేను ఏమై ఉండేవాణ్ణో అన్న సంగతిని ఇంగ్లీషులో కండిషనల్ అనే వాక్యంలోకి లాగుతుంటే, మాస్టారు వేలు చాలక రెండు చేతులూ ఎత్తేశాడు. గుడ్డ డేరాలా లేచింది.

తన వంతు కోసం బెంచీ మీద కూర్చున్న లారీ డ్రైవరు లేచి నిలబడ్డాడు. "అన్నా, మాస్టారికి ఫిట్స్ వచ్చినట్టున్నాయి."

"ఫిట్స్ కాదులే, కండిషనల్ వచ్చింది" అన్నాడు నురగాయన. "కదలకండి మాస్టారూ, కత్తి ఉంది."

రానురాను గుడ్డ నెమ్మదించింది. చివరికి ఒక పొద్దున మొదటి నుంచి చివరి దాకా దాని మీద ముడత కూడా పడలేదు. అనుమానం వచ్చి చూస్తే మాస్టారి కళ్ళు మూతలు పడి ఉన్నాయి.

"నిద్ర కాదయ్యా, శ్రద్ధగా విన్నాను. తప్పుల్లేవు" అన్నాడు మాస్టారు ఉలిక్కిపడి లేచి. గురక సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

పరీక్ష రేపనగా భార్య వంటింట్లో స్టూలు వేసుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. పుస్తకంలోని ప్రశ్న చదివింది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు.

"ఏమండీ, నా మొహం చూస్తే ఇంగ్లీషు రాదా?"

"నీ మొహం చూస్తే తెలుగే రాదు, ఇంకా ఇంగ్లీషెక్కడ."

"మాస్టారి మొహంలో ఏముందో మరి" అని విసుక్కుని ఆమె పొయ్యి వైపు తిరిగింది. ఆమె వీపు కనబడగానే జవాబు ధారగా వచ్చేసింది. ఆమె గరిటె ఆపి వెనక్కి చూసింది. ధార ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది ఇద్దరికీ. జీవితమంతా మనుషుల వెనక నిలబడి అద్దంలోకి మాట్లాడిన నోరు అది. ఎదురుగా కూర్చున్న మనిషితో ఏం చేయాలో దానికి తెలియదు.

"ఇప్పుడెలాగండీ? పరీక్షకు అద్దం మోసుకుపోతారా?" అంది ఆమె. ఈసారి నవ్వలేదు. నురగాయనకు ఆమె నవ్వనందుకే ఎక్కువ భయమేసింది.

మర్నాడు పొద్దున రాత పరీక్ష బాగానే గడిచింది. మధ్యాహ్నం మాట్లాడే పరీక్ష. చిన్న గది, బల్ల, అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. అటువైపు పొట్టి జుట్టు ఎగ్జామినరమ్మ కూర్చుని, ఇంగ్లీషులో రమ్మంది. నురగాయన వెళ్ళాడు. నేరుగా బల్ల చుట్టూ తిరిగి, ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. కాళ్ళే తీసుకుపోయాయి. చేతులైతే ఆమె మెడ చుట్టూ గుడ్డ కప్పడానికి గాల్లోకి కూడా లేచాయి.

ఆమె మెల్లగా తల తిప్పి చూసింది.

"సారీ మేడమ్, అలవాటు" అని గొణిగి, వచ్చి ఎదుటి కుర్చీలో కూలబడ్డాడు. ముక్కుకు టైర్ల వాసన తగిలింది.

ఫారంలో వృత్తి చూసి, ఈ పని నేర్చుకోకపోయి ఉంటే ఏం చేసి ఉండేవారని ఆమె అడిగింది. మాస్టారి గుడ్డను డేరా చేసిన బాపతు వాక్యమే. నురగాయన ఆమె మొహం చూడలేక చూపు పైకెత్తాడు. ఆమె వెనక పుస్తకాల బీరువా, దానికి గాజు తలుపులు. ఆ గాజులో ఆమె తల వెనక భాగం, దాని పైన తన మొహం. కస్టమరు అద్దానికి వీపు తిప్పి కూర్చున్నా అద్దం అద్దమే. పైగా ఆమె జుట్టు ఎడమ చెవి వెనక కొంచెం దిగి ఉంది, ఎవరో తొందరలో కత్తిరించినట్టు. అది కంటబడగానే బుర్ర పనిలోకి దిగింది.

ఇంగ్లీషు కదిలింది. బడి మాన్పించిన నాన్న వచ్చాడు, కత్తి తగిలిన మొదటి కస్టమరు చెవి వచ్చింది, మబ్బు చూసి బట్టలు తీసిన ఎదురింటావిడ కూడా వచ్చింది. ఇంతలో బల్ల మీద ఎగ్జామినరమ్మ చూపుడు వేలు లేచింది. నురగాయన వాక్యం వెనక్కి తీసుకుని ఇంకోలా చెప్పాడు. మళ్ళీ వేలు. మళ్ళీ మార్చాడు.

"సరిగ్గానే చెబుతున్నారు. ఎందుకు మారుస్తున్నారు?" అని అడిగిందామె.

"మీ వేలు, మేడమ్."

ఆమె వేలు చూసుకుంది. ఈగను తోలుతోంది పాపం.

ఇక మాస్టారి గుడ్డ కథంతా ఇంగ్లీషులోనే చెప్పక తప్పలేదు. లారీ డ్రైవరు మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత రెండు చేతులూ బల్ల కింద పెట్టేసుకుంది. ఈగ తన ఇష్టం వచ్చినట్టు తిరిగింది.

లేచి వెళ్ళబోతుంటే ఆమె తెలుగులో అడిగింది. "నా వెనక ఏం చూస్తున్నారు అంతసేపు? జుట్టు ఏమైనా తేడాగా ఉందా?"

"రిజల్టు వచ్చాక చెబుతాను మేడమ్. ఇప్పుడు చెబితే లంచమంటారు."

రిజల్టు ఫోన్‌కు వచ్చిన పూట బావమరిది టీ తాగుతూ ఇంట్లోనే ఉన్నాడు. నురగాయనకు చూసే ధైర్యం లేక ఫోను భార్య చేతికిచ్చాడు. ఆమె చదివి, "పాసు" అని ఒక్క ముక్క అని, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. నురగాయన వదిలిన ఊపిరికి గోడ మీద క్యాలెండరు ఊగింది.

"అయితే మా కొట్టుకు రావన్నమాట బావా."

"ఎందుకు రాను? హోటల్ కారుకు పంచరైతే వస్తాను."

అక్క నవ్వింది. ఈసారి ఆ నవ్వు వేరే వాళ్ళకు గుచ్చుకుంది.

మేడ పడగొట్టేలోగా మాస్టారు చివరిసారి ఆ పాత కుర్చీలో కూర్చున్నాడు. నురగాయన గుడ్డ కప్పాడు, నురగ పట్టించాడు, కత్తి అందుకుని పాసైన కబురు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మాస్టారు వేలు లేపి ఉండకపోతే తన నోరు లేచి ఉండేది కాదన్నాడు. చెబుతున్నంతసేపూ కళ్ళు అద్దంలో గుడ్డ మీదే ఉన్నాయి. గుడ్డ కదిలింది. అయ్యో, ఇవాళ కూడానా అనుకుంటుండగా, దాని అంచు పైకి తొలగి, వేలు కాదు, చెయ్యంతా బయటికొచ్చి నురగాయన చేతిని గట్టిగా పట్టుకుంది.

"కదలకండి మాస్టారూ" అన్నాడు నురగాయన. "కత్తి ఉంది."