మా అత్త, ఆమె దొంగ దాయాలు

మా మేనత్త పోయిందన్న కబురు సోమవారం పొద్దున వచ్చింది. నేను తిరుపతిలో బస్సెక్కి సత్యవేడు చేరేసరికి, ఆమె చావుకు కారణం నేనేనని ఇంట్లో తేల్చేశారు. గుండె జబ్బు పాతదేనని డాక్టరు చెప్పిన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. చిన్నాయన అందరి ముందూ అననే అన్నాడు: "ముసిలామెకు ఫోన్ పిచ్చి ఎక్కించినావు గదమ్మా! తిండి ఆరిపోతాన్నా ఆ ఆటేనంట. నువ్వు సదివిన సదువు ఇందుకేనా?"

మా ఇంట్లో ఇదొక అలవాటు. నేను పుస్తకం పట్టుకుంటే పని ఎగ్గొట్టినట్టు. ఉద్యోగం మారితే నిలకడ లేనట్టు. ఫోన్ పట్టుకుంటే చెడిపోయినట్టే. ఇప్పుడు అత్తకు పిచ్చి ఎక్కించింది కూడా నేనట! ఎవరు ఎవరికి ఎక్కించారో కనీసం మీరైనా వినండి.

ఎండాకాలం సెలవుల్లో పిల్లలమంతా అత్త ఇంట్లోనే ఉండేవాళ్లం. అన్నాలయ్యాక ఆమె వసారాలో ఇటుక ముక్కతో గళ్లు గీసేది. రెండు పొడుగాటి ఇత్తడి పాచికలను అరచేతుల మధ్య గరగరా రుద్ది నేల మీద దొర్లించేది. అదే దాయాలాట. కాయలుగా ఒకరికి చింతగింజలు, ఒకరికి గాజుముక్కలు, ఒకరికి శెనక్కాయ పొట్టు. మాకిక వేరే లోకం ఉండేది కాదు. అత్తేమో పచ్చి మోసం. పాచికలు ఆగీ ఆగకముందే ఎత్తేసి "పన్నెండు!" అనేది.

"యాడ పడింది పన్నెండు? నేను సూళ్లేదే!"

"నువ్వు సూడకపోతే పడిండేది పడకుండా పోతాదా?"

తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, ఏడుపు మొదలుపెట్టేవాడు. "ఓడిపోతే రోషం రావల్ల, ఏడుపు గాదు. ఏడ్సేవాళ్లకు నా ఇంట్లో మజ్జిగ లేదు పో" అనేది అత్త. కాసేపటికి వాడికే ముందు గ్లాసు అందేది.

పెద్దయ్యాం, మరిచిపోయాం. రెండేళ్ల కిందట చెన్నై నుంచి తమ్ముడు ఫోన్ చేసి అరిచాడు: "అక్కా, మన దాయాలు ఫోన్లో వచ్చినాయి!" బెంగుళూరులో ఉన్న అక్కను, పెదనాన్న కూతుర్ని, కూడా లాగాం. ఆఫీసుల్లో మర్యాదగా తిరిగే ముగ్గురం భోజనాల వేళ "నా కాయనే కొడతావా?" అని పిల్లల్లా పోట్లాడుకున్నాం. నాలుగో మనిషి కావాల్సి వచ్చింది. అత్త కాక ఇంకెవరున్నారు?

ఆమెతో ఫోన్లో ఆడటం ఒక శిక్ష. తెర మీద పాచికను వేలితో తాకితే చాలని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. ఫోన్‌నే రెండు చేతుల మధ్య పెట్టి రుద్ది, వసారా గచ్చు మీద పెట్టేది. అది ఎవరికో ఒకరికి కలిసేది. పాలాయన పలికేవాడు: "ఏంది పెద్దమ్మా, పాలు సాల్లేదా?" ఆమె ఎదురు కసురుకునేది: "ఆట మధ్యలో నీకేం పనిరా, పెట్టెయ్!"

ఫోన్లో పాచికలను ముందుగా ఎత్తేయడం కుదరదు. దానికీ దారి కనుక్కుంది. ఆడేటప్పుడు అదే ఫోన్లో నలుగురం మాట్లాడుకునేవాళ్లం. నా వంతు రాగానే, సరిగ్గా అప్పుడే అడిగేది: "మేయ్ పాపా, ఆ కాళాస్త్రి సంబంధం ఏమాయ?"

"అత్తా! ఇప్పుడా అడిగేది?"

ఆ లోపల నా వంతు గడిచిపోయేది. "అయ్యో, పోయిందా? నీ మంచికే గదా అడిగింది" అని నవ్వేది. నాకు ఒళ్లు మండేది. కానీ పెళ్లి గురించి అడిగి, జవాబు అక్కర్లేకుండా వదిలేసిన మనిషి మా వంశంలో ఆమె ఒక్కతే.

ఈ రెండేళ్లలో ఆమెను ఒక్క ఆటలోనూ ఓడించలేకపోయాను.

దినాలయ్యాక చిన్నాయన ఆమె ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇదో, నీ పీడ. నువ్వే తీసుకొనిపో. ఇంక ఆ ఆట ఆడనని మీ అత్త పటం ముందర ఒక మాట సెప్పిపో."

అందరూ నా వైపే చూశారు. తమ్ముడు మాత్రం నేల చూపులు చూశాడు. "సెప్పెయ్ మే, ఒక మాటే గదా" అని అమ్మ గొణిగింది. పటంలో అత్త, ఫొటో తీసేవాడితో అప్పుడే తగువు పెట్టుకున్నట్టు మొహం పెట్టి ఉంది.

నేను చెప్పలేదు. సంచి తీసుకుని బస్సెక్కాను.

ఆదివారం మధ్యాహ్నం ఆడుతున్నాం. తమ్ముడూ అక్కా సరేనన్నారు. నా ముందు రెండు ఫోన్లుంటాయి. ఒకదాని వీపు నిండా గచ్చు గీతలు. అత్త కాయల్ని కూడా నేనే నడుపుతాను, ఒక్క ఎత్తూ తగ్గించకుండా.

ఈసారి ఆమెను ఓడిస్తాను.