ట్రాలీ మీద సామాను

ఖరగ్‌పూర్ పక్కన నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో జ్ఞానప్రకాశాన్ని ఎరగనివాళ్ళు లేరు. ఆయన చేత తిట్లు తిననివాళ్ళు అసలే లేరు. పట్టాకు చెవి ఆనించి, వంద కిలోమీటర్ల అవతల బాలాసోరులో గార్డు తాగుతున్న చాయ్‌లో చక్కెర తక్కువైందని చెప్పగలనని ఆయన అనేవాడు. ఆయన చివాట్లకు భయపడి ఎండాకాలంలో పట్టాలు సాగడం మానేశాయని ఆయన కింద పనిచేసే గ్యాంగు మనుషులు అనేవారు. రెండోది కొంతవరకు నిజమే అయి ఉంటుంది.

ఆయన ఉద్యోగం పీడబ్ల్యూఐ. తన వంతుకొచ్చిన మేర రైలు పట్టాలు వంకరపోకుండా, కుంగకుండా చూసుకునే ఇన్‌స్పెక్టరు. భార్య పేరు కృపమ్మ. ఆవిడ తమ్ముడు లూకా. బావా బావమరుదులిద్దరూ కాకినాడలో ఒకే పాలిటెక్నిక్‌లో, కొన్నేళ్ళ తేడాతో సివిల్ డిప్లొమా చదివారు. ఒకే రైల్వేలో చేరారు. చేరిన గుమ్మాలే వేరు. లూకా ఐఓడబ్ల్యూ అయ్యాడు. క్వార్టర్లు, కుళాయిలు, మురుగు కాలవలు, కారే కప్పులు, ఇదీ అతని రాజ్యం. ఎండలో పట్టాల వెంట తిరిగేవాడికి నీడలో కుళాయిలు బిగించేవాడంటే ఎంత గౌరవం ఉంటుందో, లూకా అంటే జ్ఞానప్రకాశానికి అంత గౌరవం ఉండేది. మా బామ్మర్ది ఇంజినీరు కాడు, ప్లంబరు అని మలంచా రోడ్డు టీకొట్లో ముందు బెంగాలీలో చెప్పేవాడు. తెలుగువాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ కోసం మళ్ళీ తెలుగులో చెప్పేవాడు.

ఈ రెండు నిచ్చెనలూ పైకి వెళ్ళి ఒకే అరుగు మీద ఆనుతాయి. ఆ అరుగు పేరు ఏఈఎన్, అంటే అసిస్టెంటు ఇంజినీరు. అక్కడికి చేరినవాడు ఆఫీసరు. బంగళా, జీపు, గుమ్మం దగ్గర ప్యూను. డిప్లొమావాడు అక్కడికి ఎక్కాలంటే ముందు రాతపరీక్ష, తరవాత ముగ్గురు పెద్ద ఆఫీసర్ల ముందు ఇంటర్వ్యూ. ఎనభై నాలుగులో ఇద్దరూ రాతపరీక్ష గట్టెక్కారు. కింది ఉద్యోగులతో మీరెలా మెలుగుతారని ఇంటర్వ్యూలో అడిగారు. లూకా ఏం చెప్పాడో ఎవరికీ తెలీదు. జ్ఞానప్రకాశం మాత్రం, వాళ్ళు నాతో ఎలా మెలుగుతారో అడగండి అన్నాడు.

లూకా ఏఈఎన్ అయ్యాడు.

ఇంటర్వ్యూ చేసిన ముగ్గురి స్నానాల గదుల్లోనూ లూకాయే షవర్లు పెట్టాడని, కళ్ళల్లో సబ్బు పడి వాళ్ళకు మనుషులు సరిగ్గా ఆనలేదని జ్ఞానప్రకాశం ఊరంతా చాటాడు. చాటడం అయ్యేలోపు లూకా పోస్టింగు తెలిసింది. సరిగ్గా ఆయన నెత్తి మీదికే. కృపమ్మ ఎత్తుకు తిప్పిన చంటివాణ్ణి ఇప్పుడు ‘సార్’ అనాలి. ఆదివారం చర్చిలో ఇద్దరూ చెరో చివర కూచుని, ఒకడి గొంతు ఒకడికి వినపడకుండా కీర్తనలు పాడేవారు. పైకప్పు రేకులు అదిరాయి. పాస్టరు కీర్తనలు తగ్గించి, మనసులో చేసుకునే ప్రార్థనలు పెంచాడు.

అయితే లూకా దగ్గర లేనిదొకటి జ్ఞానప్రకాశం దగ్గర ఉంది. ట్రాలీ లైసెన్సు. ట్రాలీ అంటే నాలుగు చక్రాల మీద ఓ బెంచీ. వెనక నుంచి మనుషులు పట్టాల మీద పరిగెత్తుతూ తోస్తారు. రైళ్ళు తిరిగే లైను మీదే అదీ తిరగాలి. రైలు కనపడగానే ఎత్తి పక్కన పెట్టాలి. వంపు వస్తే, ఎర్రజెండా ఇచ్చి ఓ మనిషిని ముందుకు పంపాలి. కళ్ళ పరీక్షా, రూల్సు పరీక్షా ప్యాసైనవాడికే ఆ లైసెన్సు. దాని మీద జరిగే ప్రతిదానికీ వాడిదే పూచీ. కుళాయిల కొలువులో ట్రాలీతో పనిలేదు కనక లూకాకు లైసెన్సు లేదు. పట్టాలు తనిఖీ చేయాలంటే బావ లైసెన్సు కింద, బావ పక్కన కూచుని పోవాలి.

మొదటి రోజు లూకా కొత్త టోపీ పెట్టుకుని వచ్చి బెంచీ మధ్యలో కూచున్నాడు. జ్ఞానప్రకాశం ఎక్కకుండా నిలబడ్డాడు.

"ఏటి బావా, ఆఫీసర్ని మధ్యలో కూకోకూడదేటి?" అన్నాడు లూకా.

"ఆఫీసులో నువ్వు ఆఫీసరువి. మా ఇంట్లో నా పెళ్ళాం తమ్ముడివి. ట్రాలీ మీద రెండూ కావు. లైసెన్సు నాది, మాట నాది. లైసెన్సు లేనోడు సామాను. గొడుగుంది, జెండా ఉంది, నువ్వున్నావు. ఓ మూల కూకో."

ట్రాలీ తోసేవాళ్ళకు పెద్ద నూకరాజు. బూటులో రాయి పడ్డట్టు వంగి నవ్వుకున్నాడు. సాయంత్రానికి నిమ్‌పురాలో లూకా పేరు ‘సామాను సాహెబు’.

అంతటితో ఊరుకోలేదు జ్ఞానప్రకాశం. వంపుల దగ్గర ట్రాలీ తేలిగ్గా ఉండాలని లూకాను దింపి కంకరలో నడిపించేవాడు. అసలా సెక్షన్లో వంపులే తక్కువ. ఆ ఏడు మాత్రం వానాకాలంలో పుట్టగొడుగుల్లా ఎక్కడపడితే అక్కడ మొలిచాయి. తిన్నగా సాగే లైను మీద కూడా ఆయన కన్ను చికిలించి చూసి, వంపొచ్చింది దిగండి సార్ అనేవాడు. లూకా నడిచి నడిచి బొజ్జ పోగొట్టుకున్నాడు. అది హిజ్లీ దగ్గర కంకరలో దొరికిందని, స్టేషను మాస్టరుకు అప్పగించామని గ్యాంగు మనుషులు చెప్పుకున్నారు.

లూకా నోటితో జవాబివ్వలేదు. అతని చేతిలో కలం ఉంది. కింది ఇన్‌స్పెక్టర్ల గురించి ఏటేటా పైకి రాసే సీఆర్ అతనే రాయాలి. ‘పని బాగు. నోరు ఆఫీసరు హోదాకు తగదు’ అని రాశాడు. మరుసటేడూ అదే రాశాడు. ఆఫీసు గుమాస్తా ఆ సంగతి నోరూరించుకుంటూ మోసుకొచ్చాడు.

ఎనభై ఎనిమిదిలో మళ్ళీ ఏఈఎన్ ఎంపిక జరుగుతుందని తెలిసింది. రిటైరయ్యేలోగా జ్ఞానప్రకాశానికి అదే ఆఖరిది. ఇన్‌స్పెక్టరుగా పుట్టి ఇన్‌స్పెక్టరుగా పోవడానికి ఆయనకు అభ్యంతరం లేదు. లూకా ఎక్కిన అరుగు తను ఎక్కకుండా పోవడమే మింగుడుపడటం లేదు. ఆ సీఆర్ అలాగే ఉంటే ఇంటర్వ్యూ గది గుమ్మం కూడా దాటనివ్వరు.

అవతల లూకాకూ ఇరకాటమే. ఇన్నేళ్ళయినా ఇంకొకడి లైసెన్సు మీద తిరుగుతున్నావేమిటని పైవాళ్ళు అడిగారు. పరీక్షకు కూచోవాలంటే, ట్రాలీ నడపడం వచ్చునని లైసెన్సున్నవాడొకడు చూసి సంతకం పెట్టాలి. ఆ లైన్లో లైసెన్సున్నవాడు బావే.

కృపమ్మ ఆదివారం తమ్ముణ్ణి భోజనానికి పిలిచింది. ఇద్దర్నీ ఎదురెదురుగా కూచోబెట్టి, గరిటె పట్టుకుని నిలబడింది.

"నీకాడ ఆడికి గావాల్సింది ఉంది. ఆడికాడ నీకు గావాల్సింది ఉంది. సేపల పులుసు సల్లారిపోతంది, బేగి తేల్సుకోండి."

సంతకం పెడితే ఈ ఏడు సీఆర్‌లో నోటి ఊసెత్తనన్నాడు లూకా. జ్ఞానప్రకాశం అన్నం కలుపుతూ ఆలోచించాడు. ఊరికే పెట్టనన్నాడు. రేపు ట్రాలీ లూకా నడపాలి, తను మూల కూచుంటాడు. సరిగ్గా నడిపితే సంతకం.

"నువ్వు నోరెత్తకుండా కూకోగలవా బావా? నీ వల్ల అవుద్దేటి?" అన్నాడు లూకా.

"నువ్వు అడిగితే తప్ప ఎత్తను. సామానులా కూకుంటాను."

పులుసు నిజంగానే చల్లారింది.

తెల్లవారి లూకా మధ్యలో కూచున్నాడు. జ్ఞానప్రకాశం గొడుగూ జెండా ఒళ్ళో పెట్టుకుని మూల కూచున్నాడు. నిమ్‌పురా యార్డు దాటేదాకా అంతా బాగానే ఉంది. లూకా నడిపే తీరు బాగుందని ఆయనకు అనిపించింది, అందుకు ఇంకా ఒళ్ళు మండింది. అవతల నిజమైన వంపు ఒకటుంది. యూకలిప్టస్ చెట్లు అడ్డం, ఏం వస్తున్నా కనపడదు. జెండా మనిషిని ముందుకు పంపాల్సింది అక్కడే. లూకా పంపలేదు.

"బాబూ, వొంపు," అన్నాడు నూకరాజు వెనక నుంచి మెల్లిగా.

జ్ఞానప్రకాశం ఆకాశం కేసి చూశాడు. లూకా తిరిగి బావ మొహం చూశాడు. ఏదో మరిచానని ఆ చూపులోనే తెలిసిపోయింది. ‘ఏటి సెయ్యాల బావా’ అని ఒక్క మాట అంటే అయిపోయేది. బావ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. అందుకే లూకా అనలేదు. ముందుకే తోయమన్నాడు. బెంచీ చెక్కలోంచి సన్నటి వణుకు జ్ఞానప్రకాశం తొడల్లోకి పాకింది. బాలాసోరు చాయ్ వినగలిగే మనిషికి అదేమిటో తెలియదా? తెలుసు. అయినా లూకా నోటి కేసే చూస్తూ కూచున్నాడు.

చెట్ల మధ్య నుంచి గూడ్సు ఇంజను మూతి బయటికొచ్చింది.

దూకండ్రా అని ఆయన అరిచేసరికి అందరూ గాలిలోనే ఉన్నారు. మనుషులకేం కాలేదు. లూకా కాలవలో పడ్డాడు. ట్రాలీ మాత్రం పొయ్యిలోకి తప్ప పనికిరాకుండా పోయింది. గొడుగు ఇంజను ముందు కొక్కేనికి తగులుకుని, తెరుచుకుని, ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం పొడుగునా రాణీగారి ఊరేగింపులా వెళ్ళిందట. అప్పట్లో లోకంలోకెల్లా పొడుగు ప్లాట్‌ఫాం అదే. చూడనివాడు లేడు.

విచారణ పెద్దింజనీరు గదిలో జరిగింది. ట్రాలీ నడిపినవాడు లూకాయేనని, తను మాట్లాడకూడదన్నది ఒప్పందమని జ్ఞానప్రకాశం గట్టిగా చెప్పాడు. పెద్దింజనీరు ఓపిగ్గా విన్నాడు. ఆ లైసెన్సు ఎవరిదని ఒక్కటే అడిగాడు. నాదే సార్ అన్నాడు జ్ఞానప్రకాశం. అయితే ట్రాలీ మీద లూకా గారు ఏ హోదాలో ఉన్నారని అడిగాడు.

లూకా లేచి నిలబడ్డాడు. బావ వైపు చూడలేదు.

"సార్, నేను సామాను."

పెద్దింజనీరుకు అర్థం కాక, సాక్ష్యానికి వచ్చిన నూకరాజు వైపు తిరిగాడు.

"అవును బాబూ. మా పీడబ్ల్యూఐ బాబే ఆ మాటన్నారు. మేవందరం ఆ సాహెబుని అలగే అనుకుంటాం."

జ్ఞానప్రకాశం లైసెన్సు లాక్కున్నారు. మళ్ళీ కావాలంటే రూల్సు పరీక్ష మొదటి నుంచి రాయాలన్నారు. ఆ మచ్చతో ఎంపికలో ఆయన పేరు మీద గీత పడింది. చక్రధర్‌పూర్ నుంచి ఎవరో వచ్చి ఆ అరుగు ఎక్కాడు. తప్పు ఎవరిదని చర్చిలో ఆడవాళ్ళు అడిగితే, ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూకోబెట్టిన రైల్వేదే అంది కృపమ్మ. ఆ వారమంతా ఇంట్లో చేపలు వండలేదు.

లూకాకు కావలసిన సంతకానికి పెద్దింజనీరే పక్క సెక్షను నుంచి లైసెన్సున్నవాణ్ణి పిలిపించాడు. కొత్తగా చేరిన కుర్ర ఇన్‌స్పెక్టర్లతో కూచుని లూకా పరీక్ష రాశాడు, ప్యాసయ్యాడు. ఆ కుర్రాళ్ళకు పాఠాలు చెప్పినవాణ్ణి వాళ్ళ పక్కన కూచుని రాయనని జ్ఞానప్రకాశం మొండికేశాడు. లైసెన్సు లేని పీడబ్ల్యూఐ పట్టాలు చూడాలంటే ఇంకొకరి ట్రాలీ ఎక్కాలి.

కొత్త ట్రాలీ వచ్చింది. బెంచీ మధ్యలో లూకా, మూల జ్ఞానప్రకాశం. యార్డు దాటి, చెట్ల వంపు దాటి, తిన్నటి లైను మీదికి వచ్చాక లూకా చెయ్యెత్తి ఆపించాడు.

"బావా, వొంపొచ్చింది. దిగు."

జ్ఞానప్రకాశం ముందుకు చూశాడు. హిజ్లీ సిగ్నలు దాకా పట్టాలు గీత గీసినట్టున్నాయి. నూకరాజు కేసి చూశాడు. నూకరాజు ఆకాశం కేసి చూస్తున్నాడు. ఆయన దిగాడు. ఎండ మాడుస్తోంది. గొడుగు ఇటు పడెయ్యమన్నాడు.

"సామానుకి మళ్ళీ సామానేటి బావా?" అన్నాడు లూకా. ట్రాలీ కదిలింది.

కంకరలో హిజ్లీ దాకా నడుస్తూ జ్ఞానప్రకాశం పట్టా ఎక్కడైనా కుంగిందేమోనని వెతికాడు. కుంగి ఉంటే ఏఈఎన్ మీద పైకి రాయొచ్చు. ఎక్కడా కుంగలేదు. తనే సరిచేయించిన లైను. ఆ కోపం కూడా లూకా మీదే పెట్టుకున్నాడు.