రేణిగుంటలో బస

పెళ్లయిన కొత్తలో మా ఆవిడ నన్ను కోరింది నగలూ కాదు, చీరలూ కాదు. చంద్రగిరి కోట, గుడిమల్లం గుడి చూపించమంది. చవగ్గా బయటపడ్డాననుకున్నాను.

ఆమె అనంతపురంలో ఎనిమిదో తరగతికి చరిత్ర చెప్పేది. విజయనగర రాజులు చివరికి చంద్రగిరి చేరిన పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, "మీరు చూసినారా టీచర్?" అని అడిగిందట. పుట్టి పెరిగింది ఆ కోటకు దగ్గర్లోనే, నగరిలో. అయినా చూడలేదు. ఆ మాట ఆమెకు ముల్లయి కూర్చుంది.

బస్సులన్నీ తిరుపతి నుంచే కాబట్టి బస తిరుపతిలోనే అన్నాను. బసకూ బస్సుకూ పలకడంలో పెద్ద తేడా లేదు కానీ, రెండూ ఒకచోట కుదరవని అప్పటికి నాకు తెలీదు. తిరుపతిలో మా మేనత్త ఉండేది. మేనత్త ఉన్న ఊళ్లో లాడ్జిలో దిగడమంటే ఆమెను నడివీధిలో నిలబెట్టి అవమానించడమే. అందుకని ఆమె ఇంట్లోనే దిగాం. పొద్దున లేచేసరికి దోసెలు. అవి అయ్యేసరికి, ఇంత ఎండలో యాడికి పోతారని భోజనం. ఆ భోజనం తర్వాత ఏ రాజూ కోట దాకా నడవలేడు, ఇక నేనెంత? కునుకు తీసి లేస్తే కొండకు ప్రయాణం. రెండోసారి వెళ్లినప్పుడూ ఇదే వరస. కోట చూద్దామంటే పూట అడ్డమొచ్చేది.

మూడోసారి సెలవు పెట్టినప్పుడు మా ఆవిడ మెల్లగా అంది. "ఈసారి కూడా చూడకపోతే, చంద్రగిరిలో కోటే లేదని పిల్లకాయలకు చెప్పేస్తా."

చరిత్రకే ఎసరొచ్చింది కాబట్టి కూర్చుని ఆలోచించాను. చిత్తూరులో మా చిన్నాన్న ఉన్నాడు, వద్దు. నగరి అత్తవారి ఊరు. అక్కడ అల్లుడు మంచం దిగితేనే తప్పు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరులో దిగితే, కట్టించుకోవడానికే వచ్చామనుకుని ఊరంతా ఏ ఎముకని అడుగుతుంది. గూడూరులో మావాళ్లెవరూ లేరు కానీ, అక్కడి నుంచి చంద్రగిరికి పోవడం కంటే మద్రాసుకు పోవడం సుళువు. చివరికి రేణిగుంట మిగిలింది. అన్ని వైపులకూ రైళ్లు, గుడిమల్లం వైపు బస్సు, బంధువు ఒక్కరూ లేరు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

స్టేషన్ ఎదురుగా ఒక లాడ్జిలో దిగాం. మొదటి రోజే చంద్రగిరి చూశాం. మా ఆవిడ కూలిన గోడల మధ్య తిరుగుతూ, ఒక్కో రాతి మీదా చెయ్యి వేసి చూస్తూ, నన్ను పూర్తిగా మరిచిపోయింది. ఇంత సంతోషంగా నన్నెవరూ మరిచిపోలేదు.

మర్నాడు గుడిమల్లం. పొద్దున లాడ్జిలో నీళ్లు రాలేదు. పళ్లపొడి పొట్లం, చెంబు పట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని ప్లాట్‌ఫారం మీది కొళాయి దగ్గరికి పోయాను. నోటినిండా నురగతో ఉండగా వెనక నుంచి మాట వినిపించింది.

"ఏమిరా అబ్బోడా, రైలు తప్పిపోయిందా?"

మా మేనత్త. ఎడమ చేతికి పుత్తూరు కట్టు. బంధువులు లేని ఊరు వెతికిన మొనగాణ్ణి, అన్ని ఊళ్ల బంధువులూ రైలు మారేది అక్కడేనని మాత్రం ఆలోచించలేదు. నోట్లో నురగ ఉండటం ఎంత మంచిదో అప్పుడు తెలిసింది. అవునన్నట్టు తలాడించాను.

అంతలో నన్ను వెతుక్కుంటూ మా ఆవిడ వచ్చింది. ఆమె నోట్లో నురగ లేదు. లాడ్జిలో దిగామనీ, నిన్న చంద్రగిరి చూశామనీ, ఈరోజు గుడిమల్లం పోతున్నామనీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. "మీ ఇంటికొస్తే ఏదీ చూడలేమని దిగలేదత్తా," అంది. నేను గబగబా పుక్కిలించి, మూతి తుడుచుకునే వంకతో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

అత్త బెంచీ మీద కూర్చుంది. దోసెపెనం దించబోయి కాలుజారి పడిందట. కట్టు మార్పించుకుని పుత్తూరు నుంచి తిరిగి వస్తోంది. మాకు కబురెందుకు చెయ్యలేదని అడిగితే, ఇంత చిన్నదానికి కూడా కబురా అంది. ఆమె ఎక్కాల్సిన తిరుపతి బండి వచ్చింది. ఆమె లేవలేదు. బండి కదిలి పోయింది. ఈ అలక తీర్చాలంటే నా జీవితకాలం చాలదనుకున్నాను.

"కాపురానికొచ్చినప్పట్నుంచి ఇంటికొచ్చినోళ్లందరికీ వండిపెట్టి కొండకు పంపిస్తా ఉండా," అంది అత్త, పట్టాల వైపు చూస్తూ. "నువ్వు కూడా రా అత్తా, యాడికన్నా పోదామని ఒక్కరన్నా అన్నార్రా?"

"రా అత్తా, పోదాం," అంది మా ఆవిడ.

ఇడ్లీలు పొట్లాలు కట్టించుకుని పాపానాయుడుపేట బస్సెక్కాం. అక్కడి నుంచి చేల మధ్య నడక. అందరికంటే ముందు అత్తే నడిచింది. ఎన్నడూ ఒకరు కట్టిచ్చిన పొట్లం తినని మనిషి, గుడి ప్రాకారం నీడన కూర్చుని ఇడ్లీ తింటూ, చట్నీలో ఉప్పు చాలలేదని తీరిగ్గా వంకపెట్టింది. లోపల లింగం మీద చెక్కిన వేటగాడి రూపాన్ని మా ఆవిడ చూపించి, ఇది ఎంత పాతదో చెబుతుంటే, అత్త కట్టున్న చేతిని రెండో చేతికి ఆనించి సగం దండం పెట్టింది. మా ఆవిడ పాఠం మధ్యలో ఆపలేదు, అత్త కూడా మధ్యలో కదల్లేదు.

సాయంత్రం రేణిగుంటలో ఆమెను బండెక్కించాం. రాత్రికి మా బండి. ఇకముందు నేరుగా మీ ఇంటికే వస్తామని, నేను బంగారు మేనల్లుడిలా కిటికీ దగ్గర నిలబడి మాటిచ్చాను. అత్త నన్ను పట్టించుకోకుండా మా ఆవిడను దగ్గరికి పిలిచింది.

"వీడి మాట ఇనొద్దు. మా ఇంట్లో దిగినారంటే నాకు వంటింట్లోనే పొద్దుగూకి పోతాది. ఈడే దిగండి, నేనే వస్తా. మళ్లా యాడికి పోదాం?"